నీతి లేని పుస్తకం కావాలి

డిసెంబరులో హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ మొదలైతే చాలు, అశోక్‌నగర్ వైపు నాకు తెలిసిన తల్లిదండ్రులంతా ఒకటే అడుగుతారు: "మా బాబుకి ఏదైనా మంచి పుస్తకం చెప్పండి. నీతి ఉండాలి." పెసరట్టులో అల్లం ఉండాలన్నట్టు ఆ రెండో మాట తప్పకుండా ఉంటుంది. నా జవాబూ ప్రతిసారీ ఒకటే: "నీతి లేనిది కొనండి. చదివితే మీకు నవ్వొచ్చేది కొనండి." వాళ్లు నావైపు అదోలా చూసి, పక్క స్టాల్‌లో పంచతంత్రం తీసుకుని ఇంటికి పోతారు.

పంచతంత్రం మీద నాకు కోపమేమీ లేదు. నక్కలూ కోతులూ మొసళ్లూ మనల్ని తరతరాలుగా పెంచాయి. 1947 జులైలో మొదలైన చందమామ రాజకుమారులతో, రాక్షసులతో, బేతాళుడితో మన ఇళ్లల్లో మూడు తరాలకు చదివే అలవాటు చేసింది. నా పేచీ అంతా రెండో రకం పుస్తకాల గురించి. ఇల్లు, వీధి, బడి, అక్కాతమ్ముళ్ల కొట్లాట, నాన్న కోపం, నెలాఖరు ఇబ్బంది, నానమ్మ చాదస్తం ఉండే పుస్తకాలు. పిల్లల అరలో వీటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పెద్దల అరలో మాత్రం బోలెడున్నాయి. చిన్నతనం గురించి తెలుగులో వచ్చిన మంచి పుస్తకాల్లో చాలావరకు పెద్దవాళ్లు పెద్దవాళ్ల కోసం రాసుకున్నవే. వాటిని ఆ పై అర నుంచి దింపి పిల్లలకు వినిపించడమే శనివారం సాయంత్రాలు నేను పెట్టుకున్న పని.

చోటు, అశోక్‌నగర్ గల్లీలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్. రెండు కార్ల నడుమ చాప. వచ్చేవాళ్లు ఏడేళ్ల నుంచి పదకొండేళ్ల లోపు పిల్లలు. తెలుగు గడగడా మాట్లాడతారు. బడిలో అది సెకండ్ లాంగ్వేజ్ కాబట్టి, పేజీ చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతారు. అందుకే చదవడం నా వంతు, వినడం వాళ్ల వంతు. తల్లులు ఇద్దరు ముగ్గురు కూరగాయల సంచులతో వచ్చి, "ఐదు నిమిషాలే" అంటూ నిలబడి, అయిపోయేదాకా ఉండిపోతారు. నిజానికి ఈ పుస్తకాలు వాళ్లకీ కావాలి.

ఈ పనిలో నాకు మొదట తెలిసొచ్చిన సంగతి ఏమిటంటే, పిల్లలు పుస్తకంలో మంచి పిల్లల కోసం వెతకరు, ఓడిపోయే పెద్దల కోసం వెతుకుతారు. ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' పాతబడనిది ఇందుకే. 1950ల్లో ఆంధ్రపత్రిక వీక్లీలో వచ్చిన ఆ కబుర్లలో ఇప్పటి పిల్లలు ఎరగని వస్తువులు ఎన్నో. అయినా ప్రైవేటు మాస్టారు వచ్చే చోటికి రాగానే చాప మీద అందరూ ముందుకు జరుగుతారు. కోచింగ్ సెంటర్ల బోర్డులు ఆకాశాన్ని కనపడనివ్వని పేటలో పుట్టి పెరిగిన పిల్లలు మరి. చదువు చెప్పడానికి వచ్చినవాడు తల పట్టుకుని పోతుంటే వాళ్లకు పండగ. రమణ బుడుగును కూర్చోబెట్టి బాగుచేయడానికి ప్రయత్నించలేదు. అమ్మ రాధనీ నాన్న గోపాళాన్నీ బాబాయినీ బామ్మనీ పక్కింటి పిన్నిగారినీ మోకాలెత్తు నుంచి చూపించి ఊరుకున్నాడు. అంత ఎత్తు నుంచి పెద్దవాళ్లు ఎలా కనిపిస్తారో పిల్లలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. తల్లులకే చెప్పాలి. నవ్వుతూ నవ్వుతూ ఒకచోట వాళ్ల నవ్వు ఆగుతుంది. పొద్దున తాము అన్న మాటే పుస్తకంలో వినపడి ఉంటుంది.

ఇక భాష సంగతి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడి 'మిట్టూరోడి కతలు' చిత్తూరు జిల్లా పల్లె మాట. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' కావలి ముస్లిం ఇళ్లల్లో మాట. హైదరాబాద్ పిల్లలకు ఇవి ఎక్కుతాయా అని తల్లుల అనుమానం. తెలియని మాట దగ్గర పిల్లలు ఆగరు. కథ ఎటు పోతోందో అందితే చాలు, మాటను వాళ్లే అందుకుంటారు. అర్థాలు అడిగేది పెద్దవాళ్లే. ఒకసారి యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు' తీసుకొచ్చి పాలమూరు పలుకుబడిలో చదువుతుంటే ఒక పాప లేచి, "మా అమ్మమ్మ గిట్లనే మాట్లాడ్తది" అంది. ఫోన్లో అమ్మమ్మతో మాట్లాడమంటే సిగ్గుపడి పక్కగదిలోకి పారిపోయే పిల్ల అని వాళ్లమ్మ తర్వాత చెప్పింది. ఇంట్లో మాట అచ్చులో కనిపించేసరికి ఆ పాపకు అమ్మమ్మ పెద్ద మనిషైపోయింది.

అందరి ఇల్లూ పుస్తకంలోకి రాలేదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. పాఠ్యపుస్తకాల్లో ఇల్లంటే చాలాకాలం ఒకటే ఇల్లు. నాన్న ఆఫీసుకు పోతాడు, అమ్మ వంట చేస్తుంది, పిల్లలు స్నానం చేసి బడికి పోతారు. ఆ ఇంట్లో పనికి పోయే అమ్మ లేదు, గొడ్డు కాసే పిల్లాడు లేడు, ఆదివారం మాంసం వాసన లేదు. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో 'డిఫరెంట్ టేల్స్' అనే వరసలో తెచ్చిన పిల్లల పుస్తకాలు ఈ లోటు మీదే గురిపెట్టాయి. దళితుల ఇళ్లు, ముస్లింల ఇళ్లు, బడిలో అవమానాలు, వాటిని దాటిన పిల్లల తెలివి వాటిలోకి వచ్చాయి. అందులో ఖదీర్‌బాబు కథ ఒకటి తలకాయ కూర చుట్టూ తిరుగుతుంది. ఒక కూర ఉడకడానికి ఇల్లంతా ఎంత పని చేయాలో, ఎంతమంది ఎదురుచూడాలో అందులో ఉంది. మా చాప మీద ఇలాంటి కథ చదివితే సగంమందికి అది తమ ఇంటి సంగతి. మిగతా సగం ఆ రోజు పక్క ఫ్లాట్ వంటింట్లోకి తొంగిచూసినట్టే.

తల్లిదండ్రులు తమ కోసం కొనుక్కోవలసినవి వేరే ఉన్నాయి. పిల్లల్ని కొట్టడం తప్పనీ, భయం మీద పెంపకం నిలవదనీ చలం 'బిడ్డల శిక్షణ'లో రాశాడు. చలం నవలల మీద గంటలు గంటలు వాదించేవాళ్లు కూడా ఆ చిన్న పుస్తకాన్ని దాటేసి పోతారు. రెండోది 'రైలుబడి'. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో రాసిన తన చిన్ననాటి పుస్తకానికి తెలుగు. తొత్తొచాన్ అనే ఆ అల్లరి పిల్లను ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపించేస్తారు. పాత రైలుపెట్టెలే తరగతి గదులైన కొత్త బడిలో హెడ్‌మాస్టరు కొబయాషి ఎదురుగా కూర్చుని ఆ పిల్ల కబుర్లు నాలుగు గంటలు వింటాడు. అందరికీ గుర్తుండేది ఆయనే. నాకు గొప్పగా అనిపించేది ఆ తల్లి. మొదటి బడివాళ్లు వెళ్లగొట్టారన్న సంగతి కూతురికి ఇరవై ఏళ్లు దాటేదాకా చెప్పలేదు. మార్కులు వాట్సాప్ గ్రూపులో పెట్టే రోజుల్లో ఆ తల్లి దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది.

చదివి వినిపించేటప్పుడు నేను పాటించేది ఒకే ఒక్క నియమం. కథ అయ్యాక "దీన్నిబట్టి మనకేం తెలిసింది?" అని అడగను. ఆ ప్రశ్న వచ్చిందంటే చాప తరగతి గది అయిపోతుంది. కాసేపు ఊరుకుంటే పిల్లలే అడుగుతారు: "ఆంటీ, మీరు కూడా చిన్నప్పుడు గిట్ల చేసిండ్రా?" అప్పుడు పుస్తకం మూసేయాలి. మంచి పుస్తకం పని అక్కడితో అయిపోయింది, మన పని మొదలైంది. రష్యన్ రచయిత అలెగ్జాండర్ రస్కిన్ నాన్న చిన్నతనం గురించి రాసిన పుస్తకం అలాగే పుట్టింది. ఒంట్లో బాగాలేని కూతురి మనసు మళ్లించడానికి తను చిన్నప్పుడు చేసిన తెలివితక్కువ పనులన్నీ చెప్పుకొచ్చాడు. బొప్పి కట్టిన, భయపడిన, అబద్ధమాడి దొరికిపోయిన నాన్న దొరికితే ఏ పిల్లకైనా సగం జబ్బు తగ్గుతుంది.

మొన్న ఒక శనివారం కర్రీ పాయింట్ కవరు చేతిలో పట్టుకుని ఒక కుర్రాడు గేటు దగ్గర ఆగాడు. గ్రూప్-2కి చదువుతున్నాడు. పై వీధిలో హాస్టల్, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీ. లోపలికి రమ్మంటే కార్ల వెనకే నిలబడ్డాడు. ప్రోగ్రెస్ కార్డుల మాట వచ్చింది. "అన్నా, నువ్వేం చేసేటోనివి?" అని ఒకడు అడిగేశాడు. కుర్రాడు మొహమాటంగా మొదలుపెట్టాడు.

"నేను గడ్డివాములో దాచిన. తెల్లారి పోయి చూస్తే బర్రె తినేసింది."

"మీ నాయిన కొట్టిండా?"

"నాయినకు చదువు రాదు. బర్రెను తిట్టిండు. పిల్లగాని కాయితం తింటివి గదనే అని. ఇంకొకటి ఇయ్యుమని బడికి పోయిండు. సార్ మొత్తం చెప్పేసిండు."

పిల్లలు చాప మీద దొర్లారు. తర్వాత ఒకడు మెల్లగా అడిగాడు: "మరి అప్పుడు?" కుర్రాడు కూర కవరును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఏమనలే. ఇంటికొచ్చి, నాకు గా సంతకం చేసుడు నేర్పు అన్నడు." ఇంతకన్నా మంచి కథ ఆ నెలలో నేను చదివి వినిపించలేదు.

ఈ చుట్టుపక్కల ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. ఆదిలాబాద్ నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి, ఖమ్మం నుంచి వచ్చి హాస్టల్ గదుల్లో ముగ్గురేసి, నలుగురేసి సర్దుకున్న వేలమంది. ప్రతి ఒక్కరికీ ఒక ఊరు, ఒక అమ్మ, ఒక బర్రె. పొద్దున్నుంచి రాత్రిదాకా చదువుతారు, రాస్తారు. తమ గురించి మాత్రం ఒక్క ముక్క రాసుకోరు. సిలబస్‌లో లేదు కదా.

ఎవరి కబుర్లు వాళ్ల చేతనే చెప్పించాలన్న ఆలోచన ఈ పేటకు కొత్తేమీ కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను తెలుగువాళ్లు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలుచుకున్నారు. 1940లో వాళ్లు మొదలుపెట్టిన బాలానంద సంఘం మద్రాసు నుంచి వచ్చి స్థిరపడింది ఇక్కడికి దగ్గర్లోని నారాయణగూడలోనే. 1945లో 'బాల' పత్రిక పెట్టిందీ వాళ్లే. పెద్దవాళ్లు పిల్లల గొంతు పెట్టి మాట్లాడే బదులు, పిల్లలనే మైకు ముందు కూర్చోబెట్టారు. తడబాటుకు భయపడలేదు. తెలుగు బాలసాహిత్యంలో వాళ్లు చేసిన పెద్ద పని నా దృష్టిలో అదే. ఇప్పుడు తార్నాకలోని మంచి పుస్తకం సంస్థ ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాతో కలిసి పిల్లల బొమ్మల కథలకూ నవలలకూ పోటీలు పెట్టి కొత్త పుస్తకాలు తెస్తోంది. రాసేవాళ్లుంటే అచ్చు వేసేవాళ్లున్నారు.

కాబట్టి నాదొక ప్రతిపాదన. మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతోంది. ఆ పైసలతో నడిచే చిక్కడపల్లి లైబ్రరీలో నెలకో ఆదివారం ఒక గంట పిల్లలకూ హాస్టల్ కుర్రాళ్లకూ కలిపి కేటాయిస్తే బాగుంటుంది. కుర్రాళ్లు తమ చిన్నతనం చెప్పాలి, పిల్లలు వినాలి, ఎవరో ఒకరు రాసుకోవాలి. నీతి మాట ఎవరూ ఎత్తకూడదు. ఆ కుర్రాడితో ఈ మాట అంటే, "ఉద్యోగం వచ్చినంక రాస్తా మేడమ్" అన్నాడు. ఉద్యోగం వచ్చాక ఫైళ్ల మీద నోట్స్ రాస్తావు నాయనా. బర్రె కథ ఇప్పుడే రాయి.