మర్యాద చెప్పే వక్త ఎవరు? – పొగాకు ప్రకటనలలో మానవసంబంధ వ్యంజన: ‘చార్మినార్’ నుంచి జపాన్ ప్రకటనల దాకా

వ్యాస సంగ్రహం:
పొగాకు ప్రకటన పొగను గురించి మాట్లాడడం ఎప్పుడో తగ్గించింది. అది తోడును, స్వేచ్ఛను, సాహసాన్ని, చివరకు మర్యాదను గురించి మాట్లాడుతుంది. హైదరాబాదు పాతబస్తీ కట్టడం పేరు పెట్టుకొన్న చార్మినార్ సిగరెట్టును, భారతదేశంలోని మరికొన్ని ప్రకటనలను, జపాన్ టొబాకో సంస్థ పొగత్రాగే మర్యాదపై చేసిన ప్రచారాన్ని వ్యంజనా వ్యాపారం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. వాచ్యార్థం ఎంత నిర్దోషమైనదైనా, వక్త ఎవరన్నదే ఈ ప్రకటనల వ్యంగ్యార్థాన్ని నిర్ణయిస్తున్నదని ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలక పదాలు: ప్రకటన, వ్యంజన, వక్తృవైశిష్ట్యం, చార్మినార్, పాతబస్తీ, అదబ్, మర్యాద.

1. ప్రవేశిక:
తెలుగు సాహిత్యంలో పొగాకుకు పేరుపొందిన ప్రచారకుడు గిరీశం. కన్యాశుల్కంలో పొగ తాగనివానికి హీనజన్మ తప్పదని చెప్పే పద్యానికి పురాణ ప్రామాణ్యాన్ని అంటగట్టి, దాన్ని శిష్యుడైన వెంకటేశానికి వినిపిస్తాడు. అక్కడ పొగాకు గుణాల వర్ణన కంటే గురుశిష్య సంబంధమే బలంగా పనిచేస్తుంది. చుట్ట కాల్చడం అంటే గురువుగారి లోకంలో చోటు సంపాదించుకోవడం. పాఠకుడు నవ్వగలగడానికి కారణం ఒక్కటే: చెబుతున్నది గిరీశమని అతనికి తెలుసు. ఇదే పని ఒక వ్యాపారసంస్థ సుందరమైన దృశ్యాలతో చేసినప్పుడు ఆ ఎరుక మనలో ఎంతవరకు నిలుస్తుంది? ఈ ప్రశ్నే ఈ పరిశీలనకు మూలం.

2. వక్తృవైశిష్ట్యం – ఒక పరికరం:
శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అనే మూడు వృత్తులున్నాయని ఆలంకారికులు చెప్పారు. వ్యంగ్యార్థం స్ఫురించడానికి తోడ్పడే విశేషాలను మమ్మటుడు కావ్యప్రకాశంలో లెక్కిస్తూ మొదట వక్తను, ఆ తరువాత బోద్ధవ్యుని పేర్కొన్నాడు. ప్రస్తావం, దేశం, కాలం కూడ ఆ లెక్కలోనివే. ప్రొద్దు క్రుంకిందన్న ఒకే మాట పశువుల కాపరికి ఒక విధంగానూ, విరహిణికి మరొక విధంగానూ అర్థమవుతుందన్నది అలంకారశాస్త్ర విద్యార్థులందరికీ పరిచితమైన ఉదాహరణే. కావ్యంలో రసపోషణకు ఉపకరించే ఈ శక్తి ప్రకటనలో విక్రయానికి ఉపకరిస్తుంది. కనుక ప్రకటనను చదివేటప్పుడు ఏమి చెప్పారన్న ప్రశ్నతో పాటు, ఎవరు, ఎవరితో, ఏ కాలంలో చెప్పారన్న ప్రశ్నలను కూడ వేయాలి.

3. చార్మినార్ – కట్టడం పేరు, సరుకు పేరు:
మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో నిర్మింపజేసిన చార్మినార్ పాతబస్తీకి నడిబొడ్డు. వజీర్ సుల్తాన్ 1916లో హైదరాబాదులో ప్రారంభించిన పొగాకు వ్యాపారం 1930లో వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీగా నమోదైంది. ఆ సంస్థ సిగరెట్టుకు కట్టడం పేరే పెట్టింది, పెట్టె మీద కట్టడం బొమ్మే వేసింది. ఈ నామకరణంలో లక్షణావ్యాపారం స్పష్టం. మూడు శతాబ్దాలకు పైగా నగరం కూడబెట్టుకొన్న గౌరవం, ఖర్చు లేకుండా ఒక పొట్లం మీదికి బదిలీ అయింది.

ఈ పేరు ఎంత దూరం ప్రయాణించిందో చూపడానికి ఒక సాహిత్య నిదర్శనం చాలును. సత్యజిత్ రాయ్ సృష్టించిన బెంగాలీ అపరాధ పరిశోధకుడు ఫెలూదా కాల్చేది చార్మినార్ సిగరెట్టే. హైదరాబాదును చూడని బెంగాలీ బాలపాఠకులు ఎందరికో ‘చార్మినార్’ కట్టడంగా కంటే ముందు సిగరెట్టుగా పరిచయమై ఉండవచ్చు. అక్కడ గౌణార్థమే ముఖ్యార్థం స్థానాన్ని ఆక్రమించిందన్నమాట.

దీనికి ఎదురుదిశలో జరిగిన మరొక నామకరణం గమనింపదగినది. పాతబస్తీ నుంచి పేరు తీసుకొన్న కంపెనీ, మూసీకి ఉత్తరాన అజామాబాద్ ప్రాంతంలో తన పేరును ఒక కూడలికి ఇచ్చింది. ‘వీఎస్టీ’ నేడు బస్సు ఎక్కేవారి నోట ఒక స్థలనామం. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ వరకు 2023 ఆగస్టులో ప్రారంభమైన ఉక్కు వంతెనకు నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. తెలంగాణ తొలి హోంమంత్రి అయిన ఆయన ఆ కర్మాగారపు కార్మికసంఘ నాయకుడు కూడ. శాసనం ప్రకటనను నిషేధించగలదు గాని, స్థలనామాన్ని నిషేధించలేదు. అయితే అదే స్థలంలో ఒక కార్మికనేత పేరు నిలవడం వల్ల, ప్రకటనలు ఎన్నడూ చెప్పని కథ ఒకటి అక్కడ నమోదైంది.

4. తోడు, స్వేచ్ఛ, సాహసం:
భారతీయ సిగరెట్టు ప్రకటనలు సంబంధాలను అమ్మిన తీరు వైవిధ్యం గలది. విల్స్ ఫిల్టర్ ప్రకటనలు ‘ఒకరి కొరకు ఒకరు’ అన్న భావాన్ని నినాదం చేసుకొన్నాయి. ఇది శ్లేష. పొగాకుకు ఫిల్టరు తగినట్లు వరునికి వధువు తగినదని రెండర్థాలు ఒకే మాటలో ఇమిడాయి. ఆ పేరుతో జంటలకు పోటీలు కూడ నిర్వహించారు. వజీర్ సుల్తాన్ సంస్థ 1980లలో ప్రచారం చేసిన ‘చార్మ్స్’ సిగరెట్టు జీన్స్ బట్టను తలపించే పెట్టెలో వచ్చి యువతకు స్వేచ్ఛను వాగ్దానం చేసింది. ‘రెడ్ అండ్ వైట్’ పేరిట సాహస పురస్కారాలు వెలిశాయి. మొదటిదానిలో దాంపత్యం, రెండవదానిలో యౌవనం, మూడవదానిలో పరోపకారం ఆలంబనలైనాయి. మూడింటిలోనూ ఉద్దీపనం సిగరెట్టే.

1975 నాటి చట్టం పెట్టెపై ఆరోగ్య హెచ్చరికను తప్పనిసరి చేసింది. 2003 నాటి చట్టం ప్రత్యక్ష, పరోక్ష ప్రకటనలను నిషేధించి 2004 మే 1 నుంచి అమలులోకి వచ్చింది. అనగా శాసనం కూడ వ్యంజనను గుర్తించింది. ‘పరోక్ష’ అన్న ఆ విశేషణం లేకపోతే నిషేధం వాచ్యార్థం దగ్గరే ఆగిపోయేది.

5. జపాన్ ‘మర్యాద’ ప్రకటనలు:
వాచ్యార్థానికి దారి మూసుకొన్నప్పుడు ప్రకటన ఏ రూపం ధరించగలదో జపాన్ ఉదాహరణ మరింత విశదం చేస్తుంది. అక్కడి పొగాకు పరిశ్రమ 1998లో టెలివిజన్‌లో సిగరెట్టు సరుకుల ప్రకటనలను స్వచ్ఛందంగా విరమించింది. 1985 వరకు ప్రభుత్వ గుత్తసంస్థగా ఉండి, ఆ ఏట కంపెనీగా మారిన జపాన్ టొబాకో ఆ తరువాత కూడ తెరమీద కనిపిస్తూనే ఉన్నది. సరుకు బదులు మర్యాద, మనుషులు కలిసి గడిపే క్షణాల విలువ దాని ప్రకటనలకు వస్తువులైనాయి.

ఆ సంస్థ మర్యాద పోస్టర్లలో ప్రసిద్ధమైనది ఒకటి: ఏడువందల డిగ్రీల నిప్పును చేతపట్టుకొని మనుషుల మధ్య నడుస్తున్నానని ఒక వ్యక్తి గ్రహిస్తాడు. మరొకదానిలో సిగరెట్టు పట్టుకొన్న తన చెయ్యి పిల్లల ముఖం ఎత్తున ఉన్నదని గమనిస్తాడు. వాచ్యార్థంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నిప్పు నిజం, పిల్లవాని ముఖం నిజం. వీధిలో ఒక చెయ్యి వెనుకకు తగ్గినా మేలే. ఇంత సంక్షిప్తంగా, ఉపదేశపు కరకుదనం లేకుండా చెప్పడం ప్రశంసనీయమైన రచనాశక్తి.

కాని ఇందులో ‘నేను’ ఎవరు? గొంతు పొగత్రాగేవానిది, సంతకం అమ్మేవానిది. ఈ ఇద్దరు వక్తల నడుమనే వ్యంగ్యార్థం పుడుతుంది. అపరాధం నడిచేవాని చేతిది, వివేకం కంపెనీది అన్నది మొదటి వ్యంగ్యం. చెయ్యి ఎత్తు సరిచేసుకొంటే పొగత్రాగడం నాగరికమే అన్నది రెండవది. మొత్తం ఆ నిప్పును గురించి ఎంతో మాట్లాడిన పాఠం పీల్చేవాని ఊపిరితిత్తులను గురించి మౌనం వహించింది. ఇదే హెచ్చరికను పురపాలకసంఘం చేసి ఉంటే ఈ వ్యంగ్యార్థాలు పుట్టవు.

నిజానికి టోక్యోలోని చియోదా వార్డు 2002లోనే వీధులలో పొగత్రాగడంపై జరిమానా విధించి, మర్యాద నుంచి నియమానికి మారుదామని ప్రచారం చేసింది. స్థానిక ప్రభుత్వం మర్యాద చాలదని తేల్చిన తరువాత కూడ కంపెనీ మర్యాదనే నొక్కిచెప్పడం గమనార్హం. అయితే జపాన్ ప్రభుత్వం ఆ కంపెనీలో మూడవవంతుకు పైగా వాటా ఉంచుకోవాలని అక్కడి చట్టమే చెబుతున్నది. వక్త ఎవరన్న ప్రశ్న అక్కడ మరింత జటిలమైనది.

6. పాతబస్తీ అదబ్:
మర్యాదను పొగాకు కంపెనీ నేర్పవలసిన అవసరం పాతబస్తీకి లేదు. పెద్దలు ఎదురైతే సిగరెట్టును చేతిచాటుకు దాచడం, తండ్రి ముందు, ఉస్తాద్ ముందు వెలిగించకపోవడం అదబ్‌లో భాగం. ఇరానీ హోటల్ బల్ల దగ్గర, పాన్ డబ్బా ముందు నిప్పు అడిగి పుచ్చుకోవడం అపరిచితుల మధ్య కూడ ఒక పలకరింపు. ఈ సంబంధం ప్రకటన కల్పించినది కాదు. ప్రకటనలు ఇలాంటి జీవన సంస్కారాన్నే ముడిసరుకుగా వాడుకొంటాయి.

అట్లని అదబ్‌ను ఆదర్శీకరించరాదు. అది పెద్దల గౌరవాన్ని కాపాడింది గాని, ఇరుకు గదిలో అదే గాలి పీల్చే భార్యాపిల్లలను లెక్కలోకి తీసుకోలేదు. జపాన్ పోస్టరు వీధిలోని పిల్లవానిని చూసింది, ఇంటిలోని పిల్లవానిని చూడలేదు. రెండు మర్యాదలకూ ఉన్న ఈ సమానపరిమితిని విమర్శ గుర్తించాలి. బహిరంగ స్థలాలలో పొగత్రాగడంపై 2008 అక్టోబరు 2 నుంచి అమలైన నియమాలకు కూడ ఇంటి గడప దాటే శక్తి లేదు.

7. దృశ్యంలో లేనివారు:
ప్రకటనలోని మానవసంబంధం అగ్గిపుల్ల గీసినప్పుడు మొదలై, పీక ఆర్పినప్పుడు ముగుస్తుంది. దానికి ముందున్నవారు, తరువాత మిగిలేవారు దృశ్యంలోకి రారు. నిజామాబాద్, కరీంనగర్, సిద్దిపేట ప్రాంతాలలో తునికాకును కత్తిరించి, పొగాకు నింపి బీడీలు చుట్టే స్త్రీలు పొగాకుతో నిత్యసంబంధం గలవారు. తెలంగాణ ప్రభుత్వం 2015లో ఆసరా పింఛను పథకంలో వారిని చేర్చింది. పొగాకు మనుషులను కలుపుతుందన్న మాటే నిజమైతే ఆ కలయికలో మొదట కనిపించవలసినది ఆ చేతులే.

8. ముగింపు:
చార్మినార్ సిగరెట్టు నగర గౌరవాన్ని, విల్స్ దాంపత్యాన్ని, జపాన్ ప్రకటనలు పౌరమర్యాదను ఆశ్రయించాయి. నిర్బంధం పెరిగే కొద్దీ పొగ వాచ్యం నుంచి తప్పుకొని వ్యంగ్యంలో స్థిరపడింది. నేడు యాలకుల పేరిట, ఇతర నిరపాయ వస్తువుల పేరిట వెలువడే ప్రకటనలకు కూడ ఈ పద్ధతి వర్తిస్తుంది. వ్యంజనను మనం తరగతిలో ప్రాచీన శ్లోకాలతో బోధించి, పరీక్షలో నిర్వచనం అడిగి ఊరుకొంటున్నాము. విద్యార్థి రోజూ చూసే ప్రకటన మీద ఆ పరికరాన్ని ప్రయోగింపజేస్తే, మంచి మాట విన్నప్పుడు దాని వెనుక వక్త ఎవరని అడిగే అలవాటు ఏర్పడుతుంది. గిరీశాన్ని చూసి నవ్వడం నేర్పిన సాహిత్యానికి ఈ బాధ్యత కొత్తదేమీ కాదు.