పడుకోబెట్టే విద్య

ప్రాసెసర్‌తో పని చేయించడం కన్నా, పని లేనప్పుడు దాన్ని సరిగ్గా పడుకోబెట్టడమే కష్టమని నా నమ్మకం. బెంగళూరులో సర్వర్లతో బతికే మాకు ఇది రోజూ ఎదురయ్యేదే.

ఇంటెల్ స్కైలేక్ సర్వర్ చిప్‌నే తీసుకోండి. లైనక్స్ పట్టికలో దాని తేలికపాటి నిద్ర సీ1 నుంచి లేవడానికి 2 మైక్రోసెకన్లు, గాఢనిద్ర సీ6 నుంచి లేవడానికి 133. సీ6లో కనీసం 600 మైక్రోసెకన్లు ఉంటేనే గిట్టుబాటు. అంతకు ముందే లేపితే మిగిలిన కరెంటు కన్నా పడుకుని లేచిన ఖర్చే ఎక్కువ.

కాబట్టి ఖాళీ ఎంతసేపు దొరుకుతుందో ముందే అంచనా వేయాలి. 2008 జనవరిలో 2.6.24 కెర్నెల్‌తో వచ్చిన సీపీయూఐడిల్ చేసే పని ఇదే. తర్వాతి టైమర్ ఎప్పుడుందో, ఇటీవలి నిద్రలు ఎంతసేపు సాగాయో చూసి దానిలోని గవర్నర్ అనే భాగం నిద్ర లోతు తేలుస్తుంది. టైమర్ సంగతి ముందే తెలుస్తుంది. నెట్‌వర్క్ ప్యాకెట్ ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు?

ఈ విద్యలో నాకు అమితంగా నచ్చిన పని ఐబీఎం పవర్8 మీద జరిగింది. అందులో కోర్ గాఢనిద్రలోకి జారితే దాని సొంత టైమర్ కూడా ఆగిపోతుంది. మరి లేపేదెవరు? ఇంటెల్ యంత్రాల్లో అందుకు బయట వేరే టైమర్ ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. 2014లో ఐబీఎం ఇంజనీరు ప్రీతి యు. మూర్తి ప్యాచ్‌లతో కెర్నెల్‌కు దారి దొరికింది. ఒక సీపీయూ గాఢనిద్రకు పోదు. మిగతావి లేవాల్సిన వేళ తన టైమర్‌లో పెట్టుకుని, సమయానికి ఇంటరప్ట్ పంపి లేపుతుంది. తెల్లవారుజామున ప్రయాణమున్న ఇంట్లో ఒకరు మేలుకుని ఉన్నట్టే. కొత్త హార్డ్‌వేర్ అవసరమే పడలేదు. ఇంత పొదుపైన ఆలోచన చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

కెర్నెల్ ఇంత జాగ్రత్త పడితే, పైన మనం రాసే కోడ్ దాన్ని పాడుచేస్తోంది. క్యూలో ఏమైనా వచ్చిందా అని ప్రతి 100 మైక్రోసెకన్లకూ తొంగిచూసే లూప్ ఒక్కటి చాలు, అది నడిచే కోర్‌కు సీ6 గిట్టుబాటు కాదు. క్యూలోకి ఏదైనా వచ్చినప్పుడు కెర్నెలే లేపేలా రాయడం మనందరికీ తెలిసిన పనే.

కోడ్ రాసే మిత్రులారా, ఈ వారం మీ సర్వర్లో పవర్‌టాప్ అనే సాధనం నడపండి. ప్రాసెసర్‌ను పదేపదే లేపుతున్న ప్రోగ్రాముల్లో మీది కనిపిస్తే, ముందు ఆ లూప్ తీసేయండి.