ఉప్పు తిన్న చైను నీళ్లు తాగాలి

ఈ మంగళవారం సాయంత్రం ఇంటికి చేరేసరికి బండి కింద నుంచి మురికినీళ్లు ధార కడుతున్నాయి. బయట -3 డిగ్రీలు. పొద్దున మంచు పడింది. దాని మీద నగరపాలక సంస్థ వాళ్లు ఉప్పు చల్లారు. సాయంత్రానికి రోడ్డంతా బూడిదరంగు జావ. ఆ జావలో పదకొండు కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చాను. చేతి తొడుగులు తీసేసి, గ్యారేజీలో ముక్కాలిపీట వాల్చుకుని బండి పక్కన కూర్చున్నాను. చెంబెడు గోరువెచ్చని నీళ్లు, అమ్మ పాత నేతచీర చింపిన గుడ్డలు రెండు, అరిగిపోయిన పళ్ల బ్రష్షు, చిన్న నూనె సీసా. ఈ నాలుగూ దగ్గరుంటే చలికాలమంతా బండి నడుస్తుంది.

నాది మామూలు సైకిలు కాదు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. మధ్యలో నేలకు జానెడు ఎత్తున సీటు. వెనక్కి వాలి కూర్చుని, కాళ్లు ముందుకు చాపి తొక్కాలి. ఇంగ్లిషులో రికంబెంట్ ట్రైకు అంటారు. మా అమ్మ మొదటిసారి వీడియో కాల్‌లో చూసి, “ఇదేంట్రా, పడక కుర్చీకి చక్రాలు బిగించారా?” అంది. అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు పడక కుర్చీ బండి.

మేముండేది అమెరికాలోని మినియాపొలిస్‌లో. ఇక్కడ జనవరి రాత్రుల సగటు ఉష్ణోగ్రత -13 దగ్గర ఉంటుంది. -25కి దిగే రోజులూ వస్తాయి. అయినా ఈ ఊళ్లో ఏడాది పొడవునా సైకిలు తొక్కేవాళ్లు ఉన్నారు. పాత రైలు మార్గాన్ని సైకిళ్ల దారిగా మార్చిన మిడ్‌టౌన్ గ్రీన్‌వే సుమారు తొమ్మిది కిలోమీటర్ల పొడవున నగరాన్ని అడ్డంగా దాటుతుంది. మంచు పడితే దాని మీదా యంత్రాలు తిప్పి శుభ్రం చేస్తారు. చలికాలపు సైక్లింగు మీద జరిగే అంతర్జాతీయ సదస్సు 2013లో ఫిన్లాండులోని ఔలూలో మొదలై, 2016లో మా ఊరికి వచ్చింది.

ఈ బండి కొనడానికి కారణం ఉంది. ఎనిమిదేళ్ల కిందట మామూలు సైకిలు మీద వెళ్తుంటే, పైపైన మంచు కప్పిన ఐసు పొర మీద ముందు చక్రం జారింది. పడుతున్నానని తెలిసేలోపే మణికట్టు విరిగింది. మూడు చక్రాల బండి జారుతుంది, పక్కకు తిరుగుతుంది, కానీ పడిపోదు. ఎంత నిదానంగా వెళ్లినా, మధ్యలో ఆగినా కాలు కింద పెట్టక్కర్లేదు. 2013 డిసెంబరులో వేల్స్‌కు చెందిన మరియా లేయెర్‌స్టామ్ అంటార్కిటికా ఖండం అంచు నుంచి దక్షిణ ధ్రువం దాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్లింది. 10 రోజుల 14 గంటలు పట్టింది. ఆమె తొక్కింది ఇలాంటి బండినే, లావుపాటి టైర్లు వేసిన వాలు ట్రైకును.

అంత గొప్ప బండి మన వీధుల్లో ఎందుకు కనబడదని అడుగుతారు. 1933 జూలైలో పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే పందెగాడు, షార్ల్ మోషె తయారు చేసిన వాలు సైకిలు మీద గంటలో 45 కిలోమీటర్ల పైచిలుకు తొక్కి, 1914 నుంచి నిలిచి ఉన్న రికార్డును దాటేశాడు. మరుసటి ఏడాది అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య పందెం సైకిలు అంటే ఎలా ఉండాలో కొత్తగా నిర్వచించి, వాలు సైకిళ్లను పోటీల్లోంచి తీసేసింది. పోటీల్లో లేని బండిని పెద్ద కంపెనీలు పట్టించుకోలేదు. ఇప్పటికీ వీటిని చేసేవి చిన్న కంపెనీలే. మామూలు సైకిలు షాపుల్లో వీటి భాగాలు దొరకవు. తొక్కేవాడే సగం మెకానిక్కు కావాలి. చలిదేశంలోనైతే ముప్పాతిక.

మొదటి మార్పు టైర్లు. నవంబరు మొదటి వారంలో మేకుల టైర్లు ఎక్కిస్తాను. రబ్బరులో టంగ్‌స్టన్ కార్బైడ్ మొనలు దిగేసి ఉంటాయి. అది ఉక్కు కన్నా గట్టిది కనుక తారు మీద నడిచినా తొందరగా అరగదు. కొత్త టైర్లను ముందు 40 కిలోమీటర్లు పొడి రోడ్డు మీద, గట్టిగా బ్రేకు వేయకుండా, విసురుగా లాగకుండా నడపమని ష్వాల్బె కంపెనీ చెబుతుంది. మొనలు గూళ్లలో కుదురుకోవాలి కదా. గాలి కొంచెం తగ్గిస్తే ఎక్కువ మొనలు నేలను పడతాయి. పొడి తారు మీద ఆ చప్పుడు పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటుంది. ఐసు మీదకి రాగానే ఆ చిటపట ఆగి, చిన్న కరకర మొదలవుతుంది. కళ్లకు కనబడని ఐసును చెవి పట్టేస్తుంది.

ఈ బండికి ఒక బలహీనత ఉంది. బరువులో ఎక్కువ భాగం ముందు రెండు చక్రాల మీద పడుతుంది. తొక్కుడు బలం వెళ్లేది వెనక చక్రానికి. మంచు మీద ఎత్తు ఎక్కేటప్పుడు వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అందుకే మేకుల టైరు ముందు కన్నా వెనక ముఖ్యం. వెనక సంచుల్లో బరువు కూడా వేస్తాను. చలికాలంలో నా సంచిలో పది పౌండ్ల సోనామసూరి బియ్యం ఎప్పుడూ ఉంటుంది. మోకాలి లోతు కొత్త మంచులో మాత్రం ఈ బండి పనికిరాదు. మూడు చక్రాలూ మూడు చాళ్లు తీసుకుంటూ పోవాలి. అలాంటి రోజు బస్సెక్కుతాను.

ఇక ఒంటి సంగతి. మామూలు సైకిలు మీద వంగి కూర్చుంటాం కనుక వాన వీపు మీద పడుతుంది. ఇక్కడ మంచు పొట్ట మీద, ఒళ్లో పడుతుంది. సీటు వల అల్లిక. ఎండాకాలంలో వీపుకు హాయి, చలిలో వెన్నులోంచి గాలి దూరుతుంది. పాత యోగా చాపను సీటు కొలతకు కత్తిరించి, వల వెనక తాళ్లతో బిగించాను. పావుగంట పని, పైసా ఖర్చు లేదు. నేను చేసిన మార్పులన్నిటిలోకీ ఎక్కువ సుఖమిచ్చింది అదే.

అసలు బాధ కాళ్లది. పాదాలు ముందుకు, పైకి ఉంటాయి. ఎదురుగాలి మొదట తగిలేది వేళ్లకే. రక్తం అక్కడికి ఎక్కాలి కూడా. బూటును పెడలుకు పట్టి ఉంచే లోహపు బిళ్ల అరికాలి వేడిని లాగేస్తుంది. అందుకని చలికాలంలో ఆ బూట్లు మానేసి, ఒక సైజు పెద్ద బూట్లలో ఉన్ని మేజోళ్లు వేసుకుంటాను. వేళ్లు కదిలే చోటుండాలి. బిగుతు బూటులో రెండు మేజోళ్ల కన్నా వదులు బూటులో ఒక్కటి వెచ్చన. అయితే బల్లపరుపు పెడలు మీద పాదం జారితే ప్రమాదం. కాలు నేలకు తగిలితే బండి దాని మీదకే దూసుకొచ్చి కిందికి లాగేస్తుంది. అందుకే పెడళ్లకు మడమ పట్టే గిన్నెలు, పట్టీలు తప్పనిసరి. ఈ ఒక్క విషయంలో బద్ధకించకండి. కార్ల కిటికీల కన్నా కిందగా ఉంటాం, రోడ్డు పక్కన మంచు గుట్టలు మనల్ని కప్పేస్తాయి. కాబట్టి తల కన్నా పైకి లేచే జెండా, ముందూ వెనకా దీపాలు పట్టపగలు కూడా ఉండాలి. దీపాల బ్యాటరీని రాత్రి ఇంట్లోకి తెచ్చుకోవాలి. లిథియం బ్యాటరీకి సున్నా కన్నా తక్కువ చలిలో చార్జింగు పెడితే పాడైపోతుంది.

ఇప్పుడు మళ్లీ ముక్కాలిపీట దగ్గరికి. -20 చలి బండికి శత్రువని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో బండిని తినేసేది -3. మామూలు ఉప్పు -9 దాటాక మంచును సరిగా కరిగించలేదు. గట్టి చలిలో మంచు పొడిపొడిగా, ఇసకలా ఉంటుంది. బ్రష్షుతో దులిపితే రాలిపోతుంది. సున్నాకు దగ్గరలో ఉన్నప్పుడే ఉప్పునీళ్ల జావ చిమ్మి చైనులో, బేరింగుల్లో, బ్రేకు తీగల్లో దూరుతుంది. ఆ రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి లింకుల మధ్య నారింజరంగు పొడి కనబడుతుంది. అందుకే ఉప్పు తిన్న చైనుకు ఆ సాయంత్రమే నీళ్లు తాగించాలి.

పడక కుర్చీ బండి చైను పెడలు నుంచి వెనక చక్రం దాకా సీటు కింద నుంచి వెళ్లి రావాలి. మామూలు చైన్లు మూడింటిని కలిపితే గానీ సరిపోదు. నాది నాలుగు మీటర్లు. ముందు చెంబులో నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ బ్రష్షుతో లింకుల పక్కలు రుద్దుతాను. నీళ్లు గట్టిగా కొట్టే పైపు వాడను. అది మురికిని బేరింగుల్లోకి తోస్తుంది. తరవాత ఎడమచేత్తో గుడ్డ చుట్టి చైను పట్టుకుని, కుడిచేత్తో పెడలు వెనక్కి తిప్పుతాను. పెడళ్ల దగ్గరి పళ్లచక్రానికి 39 పళ్లు, పంటికీ పంటికీ అర అంగుళం. ఒక చుట్టుకి అర మీటరు చైను గుడ్డలోంచి జారుతుంది. ఎనిమిది చుట్లు తిప్పితే నాలుగు మీటర్లూ అయిపోతాయి. లెక్క తప్పకుండా ఒక లింకుకు ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టాను. మొదటి రౌండులో గుడ్డ నల్లబడుతుంది, రెండో రౌండులో బూడిదరంగు, మూడో రౌండులో నేత రంగు కనబడుతుంది. పూర్తిగా ఆరాక ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలింది తుడిచేస్తాను. లోపల ఉన్న నూనె పని చేస్తుంది. పైన ఉన్న నూనె మట్టిని పట్టుకుంటుంది.

చైను కొంత దూరం ప్లాస్టిక్ గొట్టంలోంచి పోతుంది, బట్టలకు తగలకుండా. ఆ గొట్టం వంపులో ఉప్పునీళ్లు నిలిచి రాత్రికి గడ్డకడతాయి. రాత్రి పడుకునే ముందు గొట్టం చివర ఎత్తి, తట్టి, నీళ్లు కార్చేస్తాను. నెలకోసారి చైను విప్పి, దారానికి గుడ్డముక్క కట్టి గొట్టంలోంచి లాగుతాను.

కందెన ఎక్కువ వేస్తే మంచిదనే నమ్మకం నాకూ ఉండేది. ఒక వేసవిలో వెనక చక్రం ఫ్రీవీలులో దళసరి గ్రీజు దట్టించి ఇచ్చారు ఒక షాపులో. డిసెంబరులో -24 రోజున గ్రీన్‌వే మధ్యలో పెడలు గాల్లో తిరిగినట్టు తిరిగింది, బండి కదల్లేదు. లోపల పంజాల్లాంటి చిన్న పళ్లు స్ప్రింగు బలంతో లేచి పట్టుకోవాలి. చలికి గ్రీజు మైనంలా బిగిసి వాటిని లేవనివ్వలేదు. రెండు కిలోమీటర్లు బండిని తోసుకుంటూ నడిచాను. ఆ వారాంతంలో గ్రీజంతా కడిగి పలచటి నూనె వేశాను. బయటి బేరింగులకు గ్రీజు నిండా ఉండాలి, ఉప్పునీళ్లను అదే అడ్డుకుంటుంది. ఫ్రీవీలు లోపల మాత్రం పలచగా ఉండాలి. ఎక్కడ ఏ కందెన వేయాలో తెలియడమే మెకానిక్కు పని.

బ్రేకులది కూడా అదే వరస. నావి డ్రమ్ము బ్రేకులు. మూతపడి ఉంటాయి కనుక జావ అంత తేలిగ్గా లోపలికి పోదు. అయినా తడి బండికి రాత్రి పార్కింగు బ్రేకు బిగించి వదిలితే పొద్దున అది వదలదు. చక్రానికి చెక్కముక్క అడ్డం పెట్టడం మేలు. చలిలో నానిన బండిని వెచ్చటి గదిలోకి తెస్తే ఒళ్లంతా చెమట పడుతుంది. ఆ చెమట ఆరకుండా మళ్లీ బయటికి తీస్తే తీగల్లో గడ్డకడుతుంది. పూర్తిగా ఆరేదాకా లోపల ఉంచాలి, లేదా చలిలోనే వదిలేయాలి.

ఇదంతా నేను ఈ దేశంలో నేర్చుకున్నానని చాలాకాలం అనుకున్నాను. మొన్న అమ్మతో మాట్లాడుతూ చైను తుడుస్తుంటే, “అచ్చం మీ నాన్నలాగే కూర్చున్నావురా” అంది. నాన్న హెర్క్యులిస్ సైకిలు గుర్తొచ్చింది. కాకినాడ జగన్నాథపురంలో మా ఇల్లు. సముద్రపు ఉప్పుగాలికి రిమ్ములు, చువ్వలు ఏడాదికల్లా చిలుం పట్టేవి. నాన్న రోజూ రాత్రి భోజనానికి ముందు కిరసనాయిలు గుడ్డతో ఒక్కో చువ్వా తుడిచేవారు. సంక్రాంతి ముందు ఓవరాయిలింగుకు, అంటే ఓవర్‌హాలింగుకు, ఇచ్చేవారు. మా వీధి షాపు బోర్డు మీద ఆ మాట అలాగే రాసి ఉండేది. పళ్లెంలో కిరసనాయిలు పోసి నానబెట్టిన బేరింగు గోళీలు మళ్లీ మెరిసేదాకా నేను పక్కనే కూర్చుని చూసేవాణ్ని. “రోజూ తుడిచేవాడికి ఓవరాయిలింగు ఖర్చు తగ్గుతుందిరా” అని నాన్న అన్న మాట అప్పట్లో పొదుపు మాటగా విన్నాను. అది పనితనం మాట అని ఇప్పుడు తెలుస్తోంది.

మీరు విశాఖ బీచి రోడ్డులో తొక్కినా, హైదరాబాదు వానల్లో తొక్కినా, నాలాగా మంచులో తొక్కినా, ఇంటికొచ్చాక బండికి పది నిమిషాలు ఇవ్వండి. తడి ఆరేలోపే గుడ్డ పట్టండి. చైను ఎంత అరిగిందో కొలవడానికి పిల్లల స్కేలు చాలు. కొత్త చైనులో ఒక పిన్ను నుంచి దాని తరవాతి ఇరవై నాలుగో పిన్నుకు సరిగ్గా పన్నెండు అంగుళాలు ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు పెరిగితే మార్చేయాలి.

నా చైనుకు ఇది మూడో చలికాలం. నిన్న స్కేలు పెట్టి చూశాను. తేడా వెంట్రుకవాసి.