చప్పుడు పుట్టిన చోటు

నేరుగా పోతున్నంతసేపు పికప్ బండి తన లోపం బయటపెట్టదు. స్టీరింగ్ తిప్పినప్పుడే ముందు చక్రాల దగ్గర టక్కుమనో, కిర్రుమనో, గుర్రుమనో చప్పుడు మొదలవుతుంది. "తిప్పినప్పుడు ముందు నుంచి సౌండ్ వస్తోందండి" అని డ్రైవర్ చెప్పే ఆ ఒక్క మాట పట్టుకుని, ఏ భాగం అరిగిందో వేలు పెట్టి చూపించేదాకా మంచి మేస్త్రి చేసే పని ఎంతో నేర్పుతో కూడింది. విజయవాడ ఆటోనగర్‌లో దగ్గరుండి చూసిన అలాంటి ఒక మేస్త్రి పనితీరును ఇక్కడ పరిచయం చేస్తున్నాను. మొదటి బోల్టు విప్పకముందు ఆయన చేసేదే అసలైన పనితనమని నా నమ్మకం.

ముందు బండి నిర్మాణం. ఇప్పటి పికప్‌లలో చాలావాటికి ముందు రెండు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ ఉంటుంది. మన శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ అమరికా ఇదే. ఒక్కో చక్రానికి పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్, బరువు మోయడానికి కాయిల్ స్ప్రింగు. ఆర్ములు చాసిస్‌కు కలిసేచోట రబ్బరు బుష్‌లు, చక్రం వైపు బాల్ జాయింట్లు. చక్రాన్ని తిప్పడానికి టై రాడ్లు, బండి ఒరగకుండా ఆపడానికి స్టెబిలైజర్ బార్, దాని లింక్ రాడ్లు. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు యాక్సిల్ షాఫ్టులకు సీవీ జాయింట్లు అదనం.

మలుపులో వీటన్నిటికీ ఒకేసారి పని పడుతుంది. లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ కోణం తిరగాలి. గుర్రపు బగ్గీల కోసం 1818లో లండన్‌లో రుడాల్ఫ్ అకర్మన్ పేరిట పేటెంటైన ఆ సూత్రం మీదే నేటి స్టీరింగ్ కూడా నడుస్తోంది. మరోపక్క బరువు బయటి చక్రం మీదికి ఒరుగుతుంది. ఇన్ని కీళ్లలో ఏది పలికినా ఆ మోత చాసిస్ ఇనుములో పాకి ఇంకెక్కడో వినిపిస్తుంది. వినిపించిన చోటే పుట్టిందనుకుంటే దారి తప్పినట్టే.

అందుకే మేస్త్రి వెంటనే జాకీ జోలికి పోడు. చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకుని, డ్రైవర్ పక్కన కూర్చుంటాడు. అద్దాలు దింపించి, ఏసీ, పాటలు ఆపించి, ఖాళీ స్థలంలో బండిని నిదానంగా గుండ్రంగా తిప్పిస్తాడు. ఆయన తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ చప్పుడు దేని వెంట నడుస్తోంది? చక్రం తిరగడం వెంటా, స్టీరింగ్ తిరగడం వెంటా, బరువు మారడం వెంటా?

చక్రం వెంట వచ్చే చప్పుడుకు లెక్క ఉంటుంది. స్టీరింగ్ నిండా తిప్పి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు టక్ టక్ మంటూ బండి వేగంతోపాటు జోరందుకుంటే సీవీ జాయింట్‌ను అనుమానించాలి. ఫోర్డ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ జెప్పా 1926లో రూపొందించిన ఈ జాయింటులో ఆరు ఉక్కు గుండ్లు గాడుల్లో కూర్చుని శక్తిని చక్రానికి అందిస్తాయి. షాఫ్టు నేరుగా ఉన్నంతసేపు గుండ్లు దాదాపు ఉన్నచోటే ఉంటాయి. మలుపులో మాత్రం ప్రతి చుట్టుకూ గాడిలో ముందుకూ వెనక్కూ జరగాలి. గాడి అరిగిందంటే ఆ జరుగుడే టక్కుమంటుంది. రబ్బరు బూటు చిరిగి, చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

వీల్ బేరింగుదీ చక్రం వెంట వచ్చే మోతే, కానీ అది టక్కుమనదు, గుర్రుమంటుంది. ఎడమకు తిప్పితే పెరిగి, కుడికి తిప్పితే తగ్గుతోందంటే చూడాల్సింది ముందుగా కుడి చక్రం బేరింగు. ఎడమకు తిరిగే బండి బరువు కుడి పక్కకు ఒరుగుతుంది కాబట్టి.

స్టీరింగ్ వెంట వచ్చేది బండి నిలబడి ఉన్నా వస్తుంది. బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, స్టీరింగ్ షాఫ్టు జాయింటు ఈ కోవలోవి. బరువు వెంట వచ్చేది, బండి ఏటవాలుగా స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడో, మలుపులో బ్రేకు వేసినప్పుడో ఒక్కసారి టక్కుమని ఊరుకుంటుంది. అక్కడ లింక్ రాడ్లు, ఆర్మ్ బుష్‌లు చూడాలి.

కొన్ని చప్పుళ్లు అసలు లోపమే కాదు. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్‌ను చివరికంటా తిప్పి పట్టుకుంటే పంపు మూలుగుతుంది. ఎక్కువసేపు అలా పట్టుకోవద్దని చెబితే చాలు. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్ వేసి తిప్పితే బండి బిగబట్టి గెంతుతుంది. ముందు, వెనక చక్రాలు తిరిగే దూరాలు వేరైనా, ఈ తరహా బండ్లలో ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. ఏ భాగమూ మార్చకుండా, టూ వీల్ డ్రైవ్‌లోకి మార్చుకొమ్మని చెప్పి పంపేయడం కూడా మేస్త్రి పనితనమే.

ఇక ఒక బండి సంగతి. భీమవరం వైపు రొయ్యల పెట్టెలు మోసే టూ వీల్ డ్రైవ్ పికప్. ముందు షాఫ్టులు లేవు కనుక సీవీ జాయింట్ల మాటే లేదు. "మేస్త్రి గారూ, ఎడమ పక్కేనండి, కచ్చితంగా" అన్నాడు డ్రైవర్. నిలబెట్టి స్టీరింగ్ తిప్పినా కిర్రుమంటోంది. చక్రం, బరువు రెండూ పక్కకు తప్పుకున్నాయి.

మేస్త్రి బండి కిందికి దూరాడు. కుర్రాణ్ణి స్టీరింగ్ కొద్ది కొద్దిగా అటూ ఇటూ ఊపమని, ఒక్కో కీలు మీద రెండు వేళ్లు ఆనించి ఉంచాడు. ఎడమ టై రాడ్ ఎండ్, పై బాల్ జాయింట్, కింది బాల్ జాయింట్: మోత వినిపిస్తోంది కానీ వేళ్లకు ఏమీ తగల్లేదు. కుడి పక్కకు జరిగాడు. అక్కడి కింది బాల్ జాయింట్ మీద వేళ్లు పెట్టగానే ఆగిపోయాడు. ప్రతి ఊపుకూ సన్నని అదురు. నన్నూ పెట్టి చూడమన్నాడు. చెవికి కిర్రుమన్న ప్రతిసారీ వేలి కింద ఇసుక నలిగినట్టు తగిలింది. చాసిస్ రెండు పక్కలనూ కలిపే క్రాస్ మెంబర్ గుండా ఆ మోత ఎడమ పక్కకు చేరి డ్రైవర్‌ను నమ్మించింది.

అంతటితో ఆయన తీర్పు చెప్పలేదు. జాకీని చాసిస్ కింద కాకుండా లోయర్ ఆర్మ్ కింద, బాల్ జాయింట్‌కు దగ్గరగా పెట్టి లేపాడు. చాసిస్ కింద పెట్టి ఉంటే స్ప్రింగు ఆర్మ్‌ను కిందికి తోసి జాయింటును బిగబట్టేది, ఉన్న లూజు కనిపించేది కాదు. టైరును పైనా కిందా పట్టి ఊపాడు, ఆడింది. "ఒరేయ్, బ్రేకు తొక్కి పట్టుకో" అన్నాడు కుర్రాడితో. బ్రేకు పట్టినప్పుడు లూజు పోతే బేరింగుది, ఉంటే బాల్ జాయింట్‌ది. ఉంది. టైరు కింద ఇనప కమ్మీ దూర్చి ఎత్తుతుంటే కీలు దగ్గర కదలిక కంటికే కనిపించింది. ముందు నుంచి చూస్తే బాగానే ఉన్న రబ్బరు తొడుగు వెనకవైపు చీలి ఉంది. నొక్కితే గ్రీజుకు బదులు ఎర్రటి తుప్పు నీళ్లు కారాయి. ఉప్పునీళ్లు కారే సరుకు మోసే బండిలో అందుకు కారణం వెతుక్కోనక్కర్లేదు.

బిగించడంలోనూ అంతే శ్రద్ధ. ఆ బండికి బాల్ జాయింట్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది కనుక ఆర్మ్ మొత్తం మార్చాడు. నట్టును కంపెనీ చెప్పిన బిగువుకు బిగించాక స్ప్లిట్ పిన్ను రంధ్రం ఎదురుపడకపోతే నట్టును వెనక్కి వదల్లేదు, ఇంకాస్త ముందుకే తిప్పాడు. బుష్ బోల్టులను గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించలేదు. బండిని నేల మీదికి దించి, బరువు పడ్డాకే ఆఖరి బిగువు. లేకపోతే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. ఆ తర్వాత అలైన్‌మెంటుకు పంపి, మళ్లీ అదే ఖాళీ స్థలంలో, అదే మలుపు తిప్పించాడు. చప్పుడు లేదు.

డ్రైవర్ మాట నమ్మి ఎడమ పక్క భాగాలు ఒక్కొక్కటే మారుస్తూ పోతే డబ్బు పోవడం ఒక్కటే నష్టం కాదు. కింది బాల్ జాయింట్ ఊడిందంటే నడుస్తున్న బండి చక్రం పక్కకు మడత పడి, అదుపు తప్పుతుంది. ఈ మేస్త్రి వేళ్లు పట్టుకున్నది అలాంటి ప్రమాదాన్ని.

అయినా బిల్లులో ఆర్మ్ ధర ఉంటుంది, విప్పి బిగించిన కూలి ఉంటుంది. వెతికిన పనికి పద్దు ఉండదు. ఆ పద్దు ఉండాలి. బండి ఓనర్లు కూడా "ఏం మార్చాలి?" అనే ముందు "ఎలా తేల్చారు? నాకూ చూపించండి" అని అడగాలి. నిజంగా వెతికిన మేస్త్రి ఆ ప్రశ్నకు సంతోషంగా జాకీ ఎత్తి, టైరు ఊపి చూపిస్తాడు. ఆయన అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.