తొలి దృశ్యం: వస్తువా, అలంకారమా?

విద్యార్థులు తీసే చిత్రాల్లో తరచు ఒక లోపం కనిపిస్తుంది. ప్రారంభం అందంగానే ఉంటుంది. కథకు దానితో పని ఉండదు. సూర్యోదయం, గడియారం, నిద్రలేచే నాయకుడు - ఏ కథకైనా అతికే ప్రారంభం నిజానికి ఏ కథదీ కాదు.

తమకు ముందు విద్యార్థులుగా ఉన్నవారు ఏం చేశారో చూడాలి. పోలండులోని లోడ్జ్ పాఠశాల విద్యార్థిగా రోమన్ పొలాన్‌స్కీ 1958లో తీసిన 'ఇద్దరు మనుషులు, ఒక బీరువా' ప్రారంభంలో ఇద్దరు సముద్రంలోంచి బీరువా మోసుకొస్తారు. ఎందుకో దర్శకుడు చెప్పడు. ట్రాములో వాళ్లకు చోటు లేదు, హోటల్లో లేదు. బరువు మోసేవాళ్లను ఊరు ఎలా చూస్తుందన్న ప్రశ్నకు తొలి దృశ్యమే పునాది. చివరకు వాళ్లు సముద్రంలోకే వెళ్లిపోతారు.

తార్కోవ్‌స్కీ మాస్కోలో పట్టా కోసం తీసిన 'రోడ్డు రోలరు, వయొలిన్' (1961)లో, వయొలిన్‌తో బయల్దేరిన పిల్లవాణ్ణి తోటిపిల్లలు అడ్డగిస్తారు. రోలరు నడిపే కార్మికుడి స్నేహం వాడికెందుకు అవసరమో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

ఇవి చూసి బీరువా కోసం వెతికేవాడు అనుకర్త. వైరుధ్యాన్ని ఎక్కడ నిలబెట్టారో గమనించేవాడే విద్యార్థి. మీ తొలి దృశ్యాన్ని తీసేసి చిత్రం చూడండి. లోటు తెలియకపోతే అది శిల్పం కాదు, అలంకారమే.