కత్తి చేతికిచ్చే క్రమం

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిల్లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. 2016లో జిల్లా కేంద్రాలైన ఊళ్లకు ఇది చిన్న మార్పు కాదు. కానీ ఎంబీబీఎస్‌తో ఎవరూ సర్జన్ కారు. ఆపైన మూడేళ్ల ఎంఎస్, గుండెకో మెదడుకో ఆపరేషన్ చేయాలంటే మరో మూడేళ్ల ఎంసీహెచ్ కావాలి. ఆ తర్ఫీదులో పెద్ద భాగం ఈ మూడు ఊళ్లలోనే జరగాలని నా వాదన. రోగిని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి రాసి పంపే మజిలీలుగా ఇవి మిగిలిపోతే కళాశాలలు వచ్చిన ఫలం సగమే దక్కినట్టు.

శస్త్రచికిత్స గురువు ఎదుట చేస్తూ నేర్చుకునే విద్య. సొరకాయ, పుచ్చకాయ, దోసకాయల మీద శిష్యుల చేత కోతలు సాధన చేయించాలని సుశ్రుత సంహిత చెప్పింది. పందొమ్మిదో శతాబ్దం చివర బాల్టిమోర్‌లో విలియం హాల్‌స్టెడ్ బాధ్యతను మెట్లు మెట్లుగా అప్పగించే పద్ధతిని స్థిరపరిచాడు. నేటికీ ఆ వరసే నడుస్తోంది: మొదట గాయం అంచులు పట్టుకుని నిలబడటం, ముళ్లు వేయడం, తర్వాత చర్మం కుట్టడం, పొట్ట తెరవడం, చివరికి సీనియర్ బల్లకు అవతల నిలబడి చూస్తుండగా మొత్తం ఆపరేషన్ చేయడం. వాచి, చీములో మునిగిన అపెండిక్స్ కంటికి కనబడదు. పెద్దపేగు మీద నిలువుగా సాగే మూడు కండర పట్టీలను వెంబడిస్తే అవి అపెండిక్స్ మొదట్లోనే కలుస్తాయి. పుస్తకంలో ఇది ఒక వాక్యం. దాన్ని వేళ్లకు తెలియజేసేది మాత్రం పక్కనున్న అనుభవజ్ఞుడి చెయ్యే. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు పెద్దవాళ్లను పిలవాలో కూడా అక్కడే అబ్బుతుంది, నా దృష్టిలో అదే అన్నిటికన్నా కష్టమైన పాఠం.

చిన్న ఊళ్లో కేసులు తక్కువ కదా, చెయ్యి ఎలా తిరుగుతుందన్నది గట్టి అభ్యంతరమే. క్లోమం, అన్నవాహిక క్యాన్సర్ల వంటి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే చోటే ఫలితాలు మెరుగని అధ్యయనాలు చెబుతున్నాయి, అవి పెద్దాసుపత్రులకే వెళ్లాలి. కానీ జిల్లాకు కావలసింది వేరు. సిజేరియన్, పొట్ట తెరిచి చేసే అత్యవసర ఆపరేషన్, ఎముక విరిగి బయటపడ్డ గాయానికి చికిత్స, ఈ మూడూ మొదటి స్థాయి ఆసుపత్రిలోనే చేయగలగాలనీ, మనిషి రెండు గంటల్లో అక్కడికి చేరగలగాలనీ 2015లో వైద్య పత్రిక లాన్సెట్ కమిషన్ చెప్పింది. బొగ్గుగనులు, అడవిపల్లెలు ఉన్న భూపాలపల్లిలో పేగు చిల్లుపడిన మనిషికి వరంగల్ దారే ఆశ కాకూడదు. హెర్నియా, హైడ్రోసిల్, పిత్తాశయపు రాళ్లు ఎక్కడైనా ఉండేవే. పీజీలు గుంపుగా నిలబడే పెద్దాసుపత్రి బల్ల దగ్గరకన్నా ఇక్కడే కత్తి త్వరగా చేతికొస్తుంది.

పేదవాళ్ల మీద చెయ్యి తిప్పుకోవడమా అన్న ప్రశ్న మరీ పదునైనది. సీనియర్ లేకుండా చేయిస్తే అది అన్యాయమే. ఎవరు చేస్తారో రోగికి ముందే చెప్పాలి, ఒప్పుకోకపోతే గౌరవించాలి. పద్ధతి ప్రాణం కాపాడుతుందనడానికి ఆధారం ఉంది: ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ తనిఖీ పట్టికను ఢిల్లీ సహా ఎనిమిది నగరాల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. కాబట్టి మత్తు డాక్టరు, రక్తనిధి, థియేటర్ నర్సు, రాత్రి కూడా అందుబాటులో ఉండే సీనియర్ లేనిచోట ఈ తర్ఫీదు మొదలుపెట్టకూడదు.

పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. మంచిదే, కానీ చాలదు. ఆపరేషన్ గాయానికి చీము నెలలోపు ఎప్పుడైనా పట్టవచ్చు, హెర్నియా ఏళ్ల తర్వాత తిరిగి రావచ్చు. వరంగల్‌లో కోయించుకుని భూపాలపల్లి జిల్లాలోని మహాముత్తారం వెళ్లిపోయిన రోగి గాయం చీముపడితే అది కోసిన పీజీకి తెలియకపోవచ్చు. భూపాలపల్లిలోనే చేసి ఉంటే ఆ రోగి అతని ఓపీకే వస్తాడు, తన కుట్టు ఎక్కడ తప్పిందో అతను కళ్లారా చూస్తాడు.