దాని భయం, మన మురిపెం

బాల్ పైథాన్‌ను చేతిలోకి తీసుకోగానే గట్టి ముద్దలా ముడుచుకుపోయి తలను చుట్టల మధ్య దాచేసుకుంటుంది. డాలస్‌లో మా ఇంటికొచ్చే చుట్టాలు అది చూసి ‘అబ్బ, ఎంత సాధువో!’ అని మురిసిపోతారు, పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. నాకేమో దాన్ని వెంటనే పెట్టెలో పెట్టేయాలనిపిస్తుంది. అది సాధుత్వం కాదు, ప్రాణభయం. శత్రువు మీదికొచ్చినప్పుడు తల కాపాడుకోవడానికి దానికి తెలిసిన విద్య అది.

కొండచిలువల్లో ఇది చిన్న రకం. పెద్దదైనా నాలుగైదు అడుగులు దాటడం అరుదు. విషం లేదు. పుట్టిల్లు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. బెనిన్ దేశంలోని విదా పట్నంలో వీటికి గుడే ఉంది, ఎదురుగా పెద్ద చర్చి. మనం నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసి దూరంగా జరుగుతాం. అక్కడికి వెళ్లినవాళ్లు పాముని మెళ్లో వేసుకుని బయటికొస్తారు. మెళ్లో వేసుకున్నా కరవదు కదా అన్న ధీమాతోనే లోకమంతా దీన్ని కొంటోంది.

కరవదని కాదు. కరిస్తే రెండు కారణాలుంటాయి. బెదిరితే మెడను వంకీ తిప్పి, వెనక్కి లాక్కుని, బుస కొట్టి, చటుక్కున పొడిచి వదిలేస్తుంది. ఆకలి కాటు వేరు, అది పట్టిందంటే వదలదు. పై పెదవి వెంట వరసగా ఉన్న చిన్న గుంటలతో చీకట్లో వేడిని పసిగడుతుంది కాబట్టి, ఎలుక వాసన అంటిన వెచ్చటి చెయ్యి దాని లెక్కలో ఎలుకే. అందుకే తిండి పెట్టే రోజు చేతులు సబ్బుతో కడిగిగానీ పెట్టె దగ్గరికి వెళ్లను. మామూలు రోజుల్లో ముందు కొక్కెం కర్రతో ఒంటిని మెల్లగా తాకుతాను. తిండి రావడం లేదని దానికి అర్థమైతే బిగుసుకున్న మెడ సడలుతుంది.

తిండి పెట్టడం చూడాల్సిందే. ఫ్రీజర్‌లోని ఎలుకను కరగనిచ్చి, వేడినీళ్లలో వెచ్చబెట్టి, పొడుగాటి పట్టకారుతో అందిస్తాను. నాలుక వేగం పెరుగుతుంది. తల ఒక్క అంగుళం ముందుకు జరిగి ఆగుతుంది. ఆ తర్వాతిది కంటికి ఆనదు. ఎలుక చుట్టూ అప్పటికే రెండు చుట్లు పడి ఉంటాయి. ఊపిరాడకుండా చేసి చంపుతుందని చిన్నప్పుడు విన్నాం. 2015లో బోవా పాముల మీద చేసిన పరిశోధనలో తేలింది వేరు: ఆ బిగింపుకు రక్తప్రసరణే క్షణాల్లో కుప్పకూలుతుంది. మా ఎలుక ముందే చచ్చినదైనా పాము తన పని తాను పూర్తి చేస్తుంది. ఆపైన తీరిగ్గా చుట్లు వదులుచేసి, మూతితో తడుముతూ ఎలుక తల ఎటుందో వెతుక్కుంటుంది.

తిన్నాక రెండు రోజులు ముట్టుకోకూడదు, కక్కేస్తుంది. కుబుసం విడిచే ముందు కళ్లు పాలనీలం రంగుకు తిరుగుతాయి, చూపు మందగిస్తుంది, చిరాకు పడుతుంది. అప్పుడూ అంతే. ఒక్కోసారి నెలల తరబడి తిండి మానేస్తుంది. బరువు తగ్గనంతవరకు కంగారు అక్కర్లేదు. దాని స్వభావం బాగుండాలంటే చెయ్యాల్సింది పెట్టె లోపలే: ఒక చివర 32 డిగ్రీల వెచ్చదనం, రెండో చివర 26, రెండువైపులా ఒళ్లు గోడలకు ఆనేంత ఇరుకైన గూడు. దాక్కునే చోటు దొరికిన పాము బయటికొచ్చినప్పుడు ముడుచుకోదు, మణికట్టు మీదుగా నిమ్మళంగా పాకుతూ పోతుంది.

తెనాలి నుంచి అమ్మ వచ్చినప్పుడు అడిగింది: ‘‘అది నిన్ను గుర్తుపడుతుందట్రా?’’

‘‘పెద్దగా ఏం లేదమ్మా. నా చెయ్యి తనను తినదని అలవాటైంది.’’

‘‘మరి దేనికిరా ఈ చాకిరీ?’’

సమాధానం చెప్పలేదుగానీ, నాకు నచ్చేదే అది. ఏమీ ఆశించని ప్రాణిని గమనిస్తూ కూర్చోవడం.

స్వభావం ఒక్కటే చూసి కొంటే ఏమవుతుందో ఫ్లోరిడాను అడగాలి. బర్మీస్ పైథాన్ నిజంగానే నెమ్మదైనది. కానీ పదిహేను అడుగులు దాటుతుంది. పెంపకం నుంచి అడవిలో పడ్డ ఆ జాతి ఎవర్‌గ్లేడ్స్‌లో స్థిరపడి కుందేళ్లను, రకూన్లను ఊడ్చేసింది. 2012లో అమెరికా దాని దిగుమతిని నిషేధించింది. మన ఊళ్లలో పొలాల వెంట కనబడే కొండచిలువ 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, పట్టి పెంచుకుంటే జైలే. విదేశీ బాల్ పైథాన్‌ను ఇండియాలో ఉంచుకోవాలన్నా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి.

పిల్లాడు ముచ్చటపడుతున్నాడని అడిగేవాళ్లకు ముందు వయసు సంగతి చెబుతాను. మంచి పెంపకంలో ఇది ముప్పై ఏళ్లు బతుకుతుంది. సెయింట్ లూయీ జూలో అరవై దాటిన ఆడపాము, పదిహేనేళ్లకు పైగా మగపాము జాడ లేకుండానే 2020లో గుడ్లు పెట్టింది. పిల్లాడు కాలేజీకి వెళ్లాక ఎలుకలు వెచ్చబెట్టేది అమ్మానాన్నలే. అయినా సరేనంటే, అడవిలో పట్టినది వద్దు, ఇక్కడే గుడ్డులోంచి పుట్టినది తీసుకోండి. డబ్బివ్వకముందు మీ కళ్లెదుట తినిపించమనండి. తినకపోతే వచ్చేవారం మళ్లీ వెళ్లండి.